క్సినోమావ్రో: గ్రీకు ‘పుల్ల నలుపు’ వైన్, దాని పక్కన పెట్టాల్సిన వంటలు – తరచుగా అడిగే ప్రశ్నలు

పేరు ఎలా పలకాలి?

క్సి-నో-మా-వ్రో. ఒత్తి పలకాల్సింది ‘నో’ని. మొదటి అక్షరం ‘ట్యాక్సీ’లో వినిపించే ‘క్సీ’ లాంటిదే. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ‘జినోమావ్రో’ అనేవాళ్లు చాలామంది. గ్రీకులో ‘క్సినో’ అంటే పుల్లనిది, ‘మావ్రో’ అంటే నల్లనిది. ఇది ద్రాక్ష రకం పేరు. ఆ ద్రాక్షతో చేసిన వైన్‌నీ అదే పేరుతో పిలుస్తారు.

గ్రీకు వైన్ అంటే జిగురు వాసన కొట్టేదేనా?

అది రెత్సీనా. పైన్ చెట్టు బంక వేసి చేసే వైన్, ఎక్కువగా తెల్లది. దీనికీ దానికీ సంబంధం లేదు.

క్సినోమావ్రో ఎక్కడ పండుతుంది?

ఉత్తర గ్రీసులోని మాసిడోనియా ప్రాంతంలో. అన్నిటికంటే పేరున్న ఊరు నౌసా. థెస్సలొనీకికి పడమరగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, వెర్మియో కొండ వాలు మీద ఉంటుంది. అలెగ్జాండర్‌కు అరిస్టాటిల్ పాఠాలు చెప్పాడంటున్న మియెజా ఈ ఊరి పక్కనే. ‘నౌసా’ పేరుతో వైన్ అమ్మాలంటే అది నూటికి నూరు శాతం క్సినోమావ్రోతోనే చేసి ఉండాలి. కనీసం ఏడాది ఓక్ పీపాల్లో మగ్గి ఉండాలి. ఆ పేరుకు చట్టబద్ధమైన రక్షణ 1971లో వచ్చింది.

పారోస్ దీవిలోనూ నౌసా అనే ఊరుంది. అక్కడికి విహారయాత్రకు వెళ్లి ఈ వైన్ కోసం వెతికేవాళ్లుంటారు. ఆ దీవిలో ద్రాక్ష వేరు, వైన్ వేరు.

వెర్మియోకి అవతలి వైపున అమీందెయో ఉంది. ఎత్తైన పీఠభూమి, చుట్టూ చెరువులు, ఇసుక నేల. వేర్లను తినే ఫిలాక్సెరా పురుగు ఇసుకలో బతకలేదు. అందుకే అక్కడ అంటు కట్టని సొంత వేళ్ల మీద నిలిచిన ముసలి తీగలు ఇంకా ఉన్నాయి. చలి ఎక్కువ కాబట్టి వైన్ కొంచెం తేలిక, పూల వాసన ఎక్కువ. అదే ద్రాక్షతో గులాబీ రంగు వైన్, నురగ వైన్ కూడా అక్కడ చేస్తారు. గుమేనిసాలో నెగోస్కా అనే మెత్తని ద్రాక్షను కనీసం 20 శాతం కలుపుతారు. ఒలింపస్ పర్వత పాదాల దగ్గరి రప్సానీలో క్రసాతో, స్తవ్రోతో అనే రెండు స్థానిక రకాలు కలుస్తాయి. మొదటిసారి తాగేవారికి మా సలహా గుమేనిసా లేదా రప్సానీ. నౌసా మొండిది, రెండోసారికి ఉంచండి.

సీసా మీద ఏం చూడాలి?

గ్రీకు అక్షరాలు చదవడం రాకపోయినా ఒక్క గుర్తు చాలు: ద్వారబంధంలాంటి అక్షరం, మధ్యలో గుండ్రని సున్న, మళ్లీ ద్వారబంధం. దాన్ని ‘పోప్’ అని చదవాలి. ఆ ఊరి పేరుకు చట్టం రక్షణ ఉన్న వైన్ అని అర్థం. ‘రిజర్వ్’ అని ఉంటే ఎర్ర వైన్ కనీసం 2 ఏళ్లు, ‘గ్రాండ్ రిజర్వ్’ అని ఉంటే కనీసం 4 ఏళ్లు మగ్గినట్టు. ‘క్సిరోస్’ అంటే తీపి లేనిది, ‘ఎరిత్రోస్’ అంటే ఎర్రది. ఆల్కహాల్ సాధారణంగా 12.5 నుంచి 14 శాతం ఉంటుంది. వంటలో కారం ఉండబోతోందంటే 13 శాతం దాటనిది వెతకండి.

ఎర్ర వైన్ అన్నారు, గ్లాసులో లేత ఇటుక రంగుంది. నీళ్లు కలిపారా?

కలపలేదు. ఈ ద్రాక్ష పేరులోనే నలుపు, రంగులో కాదు. నిలిచే రంగు పదార్థం తొక్కలో తక్కువ కాబట్టి నాలుగైదేళ్లకే అంచు నారింజ రంగుకు తిరుగుతుంది. రంగు లేతగా ఉంది కదా అని తేలికైన వైన్ అనుకుని పెద్ద గుటక వేస్తే మాత్రం దెబ్బతింటారు.

మొదటి గుటకకే నోరు పిడచకట్టుకుపోయింది. వైన్ చెడిపోయిందా?

ఈ ప్రశ్న మాకు అన్నిటికంటే ఎక్కువగా వస్తుంది. చెడిపోలేదు. అది వగరు.

వైన్ పుస్తకాలు ఈ రుచిని ‘టానిన్’ అని పరిచయం చేసి, పట్టు, పొడిదనం, ఇసుక కాగితం అంటూ పేజీలు నింపుతాయి. తెలుగువారికి అంత అవసరం లేదు. ఉగాది పచ్చడిలో లెక్కపెట్టే ఆరు రుచుల్లో వగరు ఒకటి. నేరేడు పండు తిన్నాక నాలుక బిరుసెక్కడం, పచ్చి జామకాయ కొరికితే బుగ్గలు లోపలికి లాక్కోవడం, కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే నోరు ఎండిపోవడం చిన్నప్పటి నుంచీ తెలిసినవే. క్సినోమావ్రో చేసేది అదే, పైన చింతచిగురంత పులుపుతో.

ఎందుకలా? మన ఉమ్మిలో నోటిని జారుడుగా ఉంచే ప్రోటీన్లు ఉంటాయి. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చిన టానిన్ వాటికి అతుక్కుని ముద్ద కట్టిస్తుంది. జారుడు పోతుంది, చిగుళ్లు గరగరలాడతాయి. నోట్లో మాంసం, జున్ను, నూనె ఉంటే టానిన్ ముందు వాటిని పట్టుకుంటుంది, ఉమ్మి మిగులుతుంది. ఈ వైన్‌ని ఒట్టిగా తాగి తీర్పు చెప్పకూడదనడానికి కారణం ఇదే. గ్రీసులో కూడా పక్కన పళ్లెం లేకుండా వైన్ తాగేవాళ్లు తక్కువ.

రుచి చూసే పద్ధతి ఏమిటి?

గ్లాసులో 50 మిల్లీలీటర్లకు మించి పోయకండి. మొదట కదపకుండా వాసన చూడండి. తర్వాత గ్లాసును బల్ల మీదే ఉంచి అడుగు పట్టుకుని నాలుగైదు సార్లు గుండ్రంగా తిప్పి మళ్లీ చూడండి. రెండింటికీ తేడా ఉంటుంది. కుర్ర వైన్‌లో స్ట్రాబెర్రీ, ఎండలో పెట్టిన టమాటా, ఆలివ్ కాయ, కొంచెం లవంగం వాసనలు దొరుకుతాయి. పదేళ్లు దాటినదైతే ఎండు రేగు, తోలు, పొగాకు. టమాటా వాసన ఈ ద్రాక్షకు ఆనవాలు. అది పట్టుబడితే మిగతావి దొరక్కపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు చిన్న గుటక తీసుకుని పది సెకన్లు నోరంతా తిప్పండి. పులుపు నాలుక పక్కల నుంచి వచ్చి నోరూరిస్తుంది, వగరు పై పెదవి లోపల, చిగుళ్ల మీద కూర్చుంటుంది. ఈ రెండింటినీ విడివిడిగా గుర్తుపట్టడమే అసలు పని. కొత్తవారు రెండింటినీ కలిపి ‘ఘాటు’ అనేస్తారు.

తర్వాత చిన్న గట్టి జున్ను ముక్క తిని మళ్లీ గుటక వేయండి. గ్రావియేరా దొరికితే మంచిది, లేకపోతే పార్మెజాన్. వగరు సగానికి తగ్గినట్టు అనిపిస్తుంది, అడుగున ఉన్న పండు రుచి పైకి తేలుతుంది. ఇక భోజనంలో కూడా ఇదే వరస: ముద్ద, గుటక, ముద్ద. రుచి చూడబోయే ముందు కాఫీ, వక్కపొడి, పుదీనా టూత్‌పేస్ట్ వద్దు. కనీసం అరగంట ఎడం ఉండాలి.

ఎంత చల్లగా ఉండాలి? ‘గది ఉష్ణోగ్రత’ అని రాశారు.

ఆ మాట యూరప్ రాతిగోడల ఇళ్ల కాలం నాటిది. హైదరాబాద్‌లో మే నెల గది 32 డిగ్రీలుంటుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కుకు గుచ్చుకుంటుంది, వైన్ ఉడికించిన పండులా ఉంటుంది. క్సినోమావ్రోకి 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతాయి. కుర్ర అమీందెయో అయితే 15 అయినా మంచిదే. వేడి గదిలో ఉన్న సీసాను ఫ్రిజ్‌లో గంటన్నర, లేదా ఐసు కలిపిన నీళ్ల బకెట్‌లో పది నిమిషాలు ఉంచండి. ఒట్టి ఐసు ముక్కలు వద్దు. నీళ్లు ఉంటేనే సీసా చుట్టూ చలి తగులుతుంది. మరీ చల్లబడినా నష్టమే: 10 డిగ్రీల దగ్గర వగరు చేదుగా మారుతుంది. అలా అయితే గ్లాసును రెండు చేతుల్లో ఐదు నిమిషాలు పట్టుకుంటే చాలు.

డికాంటర్ (వైన్‌కు గాలి తగిలేలా వంపి ఉంచే గాజు పాత్ర) లేదు. ముందే బిరడా తీసి ఉంచితే చాలదా?

చాలదు. సీసా మెడ దగ్గర వైన్‌కు గాలి తగిలే చోటు పాత రూపాయి బిళ్లంత ఉంటుంది. గంట ఉంచినా పెద్ద తేడా రాదు. శుభ్రమైన గాజు జగ్గులోకి వంపితే డికాంటర్ చేసే పనే జరుగుతుంది. సబ్బు వాసన, పాల వాసన లేకుండా చూసుకోండి. ఐదేళ్ల లోపు నౌసాకి గంట నుంచి రెండు గంటలు ఇవ్వండి.

పాత సీసాకి పద్ధతి వేరు. అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి ముందు రోజే నిలబెట్టి ఉంచాలి. మెడ వెనక ఫోన్ లైటు పెట్టి మెల్లగా వంచుతూ, మడ్డి తీగ మెడలోకి రాగానే ఆపేయాలి. చివరి రెండు మూడు చెంచాలు వదులుకోండి. పదిహేనేళ్లు దాటినదాన్ని జగ్గులో ఎక్కువసేపు ఉంచితే ఉన్న కాస్త వాసనా ఎగిరిపోతుంది. వంపిన వెంటనే తాగడం మేలు.

నిజంగా చెడిపోతే ఎలా తెలుస్తుంది?

తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గుడ్డ వాసన వస్తే బిరడా దోషం. ఎంతసేపు ఉంచినా పోదు, కొన్నచోట వాపసు ఇవ్వండి. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, చప్పటి రుచి ఉంటే గాలి చొరబడింది. గోళ్ల రంగు చెరిపే ద్రవం వాసన ఘాటుగా ఉంటే వెనిగర్ వైపు వెళ్తోంది. ఒట్టి పులుపు, ఒట్టి వగరు మాత్రం దోషాలు కావు.

ఏ గ్రీకు వంటలతో బాగుంటుంది?

సూత్రం ఒకటే: టమాటాలో నెమ్మదిగా ఉడికిన మాంసం, ఆలివ్ నూనె, దాల్చినచెక్క. మిగతా ఎర్ర వైన్లు టమాటా పులుపు ముందు చప్పబడతాయి. దీనికి సొంత పులుపు ఉంది కాబట్టి నిలబడుతుంది.

స్తిఫాదో అంటే గొడ్డుమాంసం లేదా కుందేలు మాంసాన్ని చిన్న ఉల్లిపాయలు, టమాటా, వెనిగర్, దాల్చినచెక్కతో ఉడికించే కూర. సుత్సుకాకియా అంటే జీలకర్ర, వెల్లుల్లి దట్టించిన కోలగా ఉండే కీమా ఉండలు, టమాటా పులుసులో. 1922 తర్వాత స్మిర్నా (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) నుంచి వచ్చిన శరణార్థులు గ్రీసుకు తెచ్చిన వంట అది. జీలకర్ర వాసనా ఈ వైన్‌లోని మసాలా వాసనా ఒకదానికొకటి చుట్టాల్లా ఉంటాయి. వంకాయ, కీమా పొరల ముసకా కూడా సరే, అయితే పైనున్న పాల సాస్ మందంగా ఉంటే రుచి మొద్దుబారుతుంది. జున్నుల్లో గ్రావియేరా, కసేరి, మెత్సోవో ఊరి పొగబెట్టిన జున్ను బాగుంటాయి. ఫెతా మాత్రం కుర్ర, తేలిక వైన్‌తోనే.

ఇంట్లో చేయగల ఒక వంట కొలతలతో చెప్పండి.

యువెత్సి. మట్టిపాత్రకు టర్కీ భాషలో ఉన్న పేరు నుంచి వచ్చింది. నలుగురికి: ఎముకతో ఉన్న మేక లేదా గొర్రె భుజం మాంసం 1 కిలో, ఉల్లిపాయ 1 పెద్దది, వెల్లుల్లి 3 రెబ్బలు, పండిన టమాటాలు 400 గ్రాములు, టమాటా పేస్ట్ 1 పెద్ద చెంచా, ఆలివ్ నూనె 60 మి.లీ., ఎర్ర వైన్ 150 మి.లీ., దాల్చినచెక్క 1 ముక్క, లవంగాలు 2, బిర్యానీ ఆకు 1, ఉప్పు, మిరియాలు. కృథరాకి 400 గ్రాములు – బియ్యపు గింజ ఆకారంలో ఉండే పాస్తా ఇది, మన దుకాణాల్లో ‘ఒర్జో’ అని అమ్ముతారు.

మాంసం తడి తుడిచి, నూనెలో రెండు విడతలుగా ఎర్రగా వేయించండి. ఒకేసారి గుమ్మరిస్తే నీరు ఊరి ఉడుకుతుంది తప్ప వేగదు. తీసి పక్కన పెట్టి అదే గిన్నెలో ఉల్లి, వెల్లుల్లి మగ్గనివ్వండి. పేస్ట్ వేసి నిమిషం వేయించి, వైన్ పోసి సగమయ్యేదాకా మరిగించండి. టమాటా, మసాలా, మాంసం, 700 మి.లీ. వేడినీళ్లు చేర్చి మూతపెట్టి 180 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచండి. మేకమాంసం ముదురైతే రెండు గంటలు. కుక్కర్‌లో ఐదారు కూతలు వేయించి ఆ తర్వాత ఓవెన్‌కు మార్చినా నడుస్తుంది.

ఇక తప్పు జరిగే చోటు. కృథరాకి వేసేముందు గిన్నెలో లీటరు ద్రవం ఉండాలి. తగ్గితే మరుగుతున్న నీళ్లే పోయాలి, చన్నీళ్లు పోస్తే పాస్తా పిండిగా విరుగుతుంది. మూత లేకుండా 20 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి అడుగునుంచి కలపాలి. పులుసు ఇంకా కదులుతుండగానే బయటికి తీయండి, పది నిమిషాల్లో మిగతాది పాస్తా పీల్చేస్తుంది. ఓవెన్‌లోనే ఎండేదాకా ఉంచితే బల్ల మీదకు వచ్చేసరికి ఉప్మా అవుతుంది. పైన తురిమిన గట్టి జున్ను.

వంటలో పోసే 150 మి.లీ. ఖరీదైన సీసాలోది కానక్కర్లేదు.

మేం శాకాహారులం. మాకేముంది?

చాలా ఉంది. అమీందెయో ఉన్న ఫ్లోరినా జిల్లా పెద్ద తెల్ల బీన్స్‌కీ, పొడవాటి ఎర్ర తియ్య మిరపకాయలకీ పేరుపడ్డ చోటు. ఆ బీన్స్‌తో చేసేది యీగాంతెస్. అవి దొరక్కపోతే బటర్ బీన్స్ తీసుకోండి.

అరకిలో బీన్స్ 12 గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పది నిమిషాలు తెర్లించి, తర్వాత మంట తగ్గించి మెత్తబడేదాకా 45 నుంచి 60 నిమిషాలు ఉడికించండి. ఆ తొలి పది నిమిషాల తెర్లు మానకూడదు, పచ్చి బీన్స్‌లో కడుపు చెడగొట్టే పదార్థం దానితోనే పోతుంది. అవి పూర్తిగా మెత్తబడ్డాకే టమాటా కలపాలి. ముందే కలిపితే పులుపుకి తొక్క బిగుసుకుని ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉంటుంది. అరకిలో టమాటా గుజ్జు, 120 మి.లీ. ఆలివ్ నూనె, వేయించిన ఉల్లి, వెల్లుల్లి, సెలరీ, ఒక చిన్న చెంచా తేనె కలిపి 180 డిగ్రీల దగ్గర గంటసేపు, అంచులు మాడీమాడనట్టు అయ్యేదాకా కాల్చండి. నూనె చూసి భయపడి తగ్గించకండి: మాంసం లేని చోట వగరును పట్టేది ఆ నూనే.

వైన్ శాకాహారమేనా అని అడిగితే, అన్నీ కాదు. తేట పరచడానికి గుడ్డు తెల్లసొన, జెలటిన్ వాడేవాళ్లున్నారు. పట్టింపు ఉంటే ‘వీగన్’ ముద్ర ఉన్నదే కొనండి.

వేటితో అసలు వద్దు?

చేపలతో. ఎర్ర వైన్‌లో ఉండే ఇనుము చేప నూనెతో కలిస్తే నోట్లో తుప్పు, నీచు రుచి వస్తుంది. గుడ్డు, నిమ్మరసం కలిపిన అవ్గోలెమోనో పులుసుతోనూ కుదరదు. బక్లావా లాంటి తీపి తిన్నాక తాగితే వైన్ ఒట్టి చింతపండు రసంలా మారుతుంది.

గోంగూర మాంసంతో? మన కూరలతో?

పులుపు లెక్కన గోంగూర, ఈ వైన్ ఒకే జాతివి. చిక్కు కారంతో. మిరపకారం నోటిని మండిస్తుంటే ఆల్కహాల్ దాన్ని ఎగదోస్తుంది, వగరు మరింత గరుకుగా తగులుతుంది. మామూలుగా వేసే కారంలో మూడో వంతే వేసి, మిరియాలతో సరిపెట్టి, నూనె తగ్గించకుండా వండితే గోంగూర మాంసం నిజంగానే బాగుంటుంది. కూర వైన్‌కంటే పుల్లగా ఉండకూడదన్నది రెండో షరతు. అందుకే చింతపండు పులుసులు పనికిరావు, వాటి పక్కన వైన్ నీళ్లలా ఉంటుంది. ఒక్క పచ్చిమిరపకాయతో చేసిన వంకాయ టమాటా కూర, మిరియాల మటన్ వేపుడు, కారం తగ్గించిన కీమా వీటన్నిటికంటే తేలికైన దారి. ఆవకాయ పళ్లెంలో ఉందంటే ఆ పూటకి వైన్ సీసా మూసి పెట్టుకోండి.

ఆరుగురికి ఎన్ని సీసాలు?

ఒక సీసా 750 మి.లీ., అంటే 125 మి.లీ. చొప్పున ఆరు గ్లాసులు. రుచి చూడటం, భోజనం కలిపి ఆరుగురికి రెండు చాలు. రెండూ వేర్వేరు ఊళ్లవైతే ఇంకా నయం: తేలికైన అమీందెయో ముందు, నౌసా తర్వాత. వరస తిప్పితే అమీందెయో రుచి తెలియకుండా పోతుంది. గ్రీసులో తవెర్నాకి, అంటే చిన్న భోజనశాలకి వెళ్తే ఇంటి వైన్‌ని కిలోల్లో అడుగుతారు. ‘మిసో కిలో’ అంటే అరకిలో, అంటే అర లీటరు జగ్గు. గ్లాసులెత్తి ‘యా మాస్’ అంటారు, మన ఆరోగ్యానికి అని.

మిగిలిపోతే?

బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. పులుపు, వగరు రెండూ కాపలా కాస్తాయి కాబట్టి మూడు రోజులు ఆగుతుంది. కుర్ర నౌసా రెండో రోజు మెత్తబడి ఇంకా బాగుండటం మామూలే. పాతది అదే పూట ముగించాలి.

ఎన్నేళ్లు దాచవచ్చు?

మంచి నౌసా 10 నుంచి 20 ఏళ్లు నిలుస్తుంది, 12 నుంచి 14 డిగ్రీల చల్లని చీకటి గది ఉంటే. మన అటక మీద, వంటింటి అలమరలో ఒక్క ఎండాకాలం గడిస్తే చాలు, బిరడా పైకి తోసుకొచ్చి వైన్ ఉడికిపోతుంది. చల్లని అలమర లేకపోతే కొన్న ఏడాదిలోపే తాగేయండి.

గ్రీసు నుంచి తెచ్చుకోవచ్చా?

విదేశాల నుంచి వచ్చే ప్రయాణికులకు భారత్‌లో సుంకం లేకుండా 2 లీటర్ల మద్యం వరకు అనుమతి. అంటే రెండు సీసాలు, ఇంకా అర లీటరు మిగులు. తెలుగు రాష్ట్రాల్లో మద్యానికి కనీస వయసు 21. సీసాను బట్టల మధ్య చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి బిగించి పెద్ద పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో అనుమతించరు, విమానాశ్రయం సుంకరహిత దుకాణంలో సీలు వేసి ఇచ్చినది తప్ప. ఇంటికి చేరాక వారం పది రోజులు కదపకుండా ఉంచి ఆ తర్వాతే తెరవండి. మడ్డి ఉన్న పాత సీసాకైతే రెండు వారాలు.